ఉప్పు చెప్పమన్న చెంగమ్మక్క

ఈ ఉదయం తిరుపతిలో మా వీధి మలుపు దగ్గర ఒకామె గోనెపట్ట పరిచి అనపకాయలు కుప్ప పోసింది. మంచుకు తడిసిన చిక్కుడుజాతి కాయలు. ఆ వాసన ఎరగనివాళ్ళకు దాన్ని చెప్పడం కష్టం. పచ్చి ఆకు వాసనలో నేతి జిడ్డు కలిసినట్టు ఉంటుంది, ఒకసారి వేళ్ళకు పట్టిందంటే సబ్బుకు కూడా లొంగదు. నేను ఒక కాయ తీసి గోటితో చీల్చాను. "కాయలెందుకమ్మా అవస్థ? పితికి పెట్టిన పప్పు పొట్లాలుండాయి, తీస్కపో" అంది ఆమె. కాయలే కావాలన్నాను. ఇంటికి తెచ్చి, గింజలు ఒలిచి, నీళ్ళలో నానవేసి, ఇది రాయడానికి కూర్చున్నాను. వేళ్ళకు ఆ వాసన ఉండగానే చెంగమ్మక్క గురించి రాయాలనిపించింది.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. చెంగమ్మక్క వాళ్ళలో ఒకతె, కానీ దేవుళ్ళ కథలు వేయడం నలభై ఏళ్ళ వయసులో మానేసింది. ఆ తర్వాత ఆమె వేసిందంతా వంటిళ్ళు, పొయ్యిలు, రోళ్ళు, కల్లంలో బువ్వ తినే ఆడవాళ్ళు. ఆ తెరలు ఇప్పుడు చెన్నైలోనూ బెంగళూరులోనూ పెద్ద గోడల మీద వేలాడుతున్నాయి. వాటిని చూసివచ్చినవాళ్ళు నన్ను ఆమె గీత గురించి, ఎరుపు గురించి అడుగుతారు. ఆమె ఏం తినేది, ఎట్లా తినేది అని ఎవరూ అడగరు. నాకైతే అక్కడినుంచి మొదలుపెట్టకుండా మిగతాది చెప్పడం చేతకాదు.

నేను ఆమె దగ్గరికి వెళ్ళేనాటికి నాకు ముప్పై రెండేళ్ళు. ఐరాల దగ్గర మాకు ఒకప్పుడు మిట్టా, అంటే చిన్న జమీ, ఉండేది. మా తాతగారు నడిచి వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారట. నేను పుట్టేసరికి అదంతా పోయింది. ఎట్లా పోయిందో మా ఇంట్లో మాట్లాడుకోరు. తిరుపతిలో రెండు గదుల అద్దె ఇంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. నేను డ్రాయింగ్ టీచరుగా చేస్తున్న బడిలో ఆ పీరియడే తీసేశారు. చేతిలో ఉన్న ఒకే విద్య బొమ్మలు వేయడం, అందుకని దాన్ని బతుకు తెరువుగా మార్చుకోవాలని రోజూ బస్సెక్కి శ్రీకాళహస్తి పోదామనుకున్నాను. ఎవరి సిఫారసూ తీసుకోలేదు. అడగడం మాకు అలవాటు లేదు.

మొదటి రోజు నేను గడప దగ్గర నిలబడేసరికి చెంగమ్మక్క బొమ్మ వేయడం లేదు. పొడుగాటి బల్లల మధ్య నేల మీద కాళ్ళు చాపుకుని, ముందు ఒక గిన్నెడు నానిన అనపగింజలు పెట్టుకుని, ఒక్కొక్కదాన్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కుతోంది. పొట్టు వేళ్ళలో ఉండిపోతోంది, లోపలి పప్పు టప్పున చేటలోకి దూకుతోంది. నేను నా పేరు, చదువు చెప్పుకున్నాను. ఆమె తల ఎత్తలేదు.

"బొమ్మలు నేర్చుకునేదానికి వచ్చినావా? సరే. ఈడ కూర్చో. పితుకు."

"నేను తినేసి వచ్చినానండీ" అన్నాను.

"తిన్నావా అని నేను యాడ అడిగినాను? పితకమన్నాను."

వెనక గదిలో రాగి బాన కింద మంట ఎగదోస్తున్న మనిషి నవ్వాడు. ఆయన మునెయ్య. బట్టలు ఉడకబెట్టడం, ఏట్లో జాడించడం ఆయన పని. మా ఇంట్లో ఇటువంటి పనికి నేను ఎప్పుడూ నేల మీద కూర్చోలేదు. ఆ రోజు కూర్చున్నాను. నేను నొక్కిన మొదటి గింజ చేటను దాటి మునెయ్య కాలి దగ్గర పడింది, రెండోది చితికింది. చెంగమ్మక్క నా చేతినే చూస్తూ ఉండిపోయింది.

"నీ బొటనవేలికి తొందర ఎక్కువమ్మే. కలం కూడా ఇట్నే నొక్కతావు. రంగంతా ఒక్కపాలి దిగి గుడ్డ చెడతాది."

కలంకారీ కలం వెదురు పుల్ల. దాని మధ్య ఉన్ని చుట్టి దారం కడతారు. ఉన్ని రంగును పీల్చుకుంటుంది, వేళ్ళతో నొక్కినకొద్దీ మొనకు దిగుతుంది. ఎంత నొక్కాలో మాటల్లో చెప్పడానికి లేదు. ఆ చలికాలమంతా ఆమె నా చేతికి కలం ఇవ్వలేదు. పగలు ఒక జాము గింజలు పితికించేది. తర్వాత కలం పట్టిన మొదటి రోజే నా గీత చెదరకుండా సాగింది. డిగ్రీలో మూడేళ్ళు నాకు చెప్పినవాళ్ళు ఎవరూ నా బొటనవేలిని చూడలేదు.

ఆమె తిండికి ఒక క్రమం ఉండేది. తెల్లారేసరికి సద్ది. ముందు రోజు సంగటి ముద్దను మజ్జిగలో పిసికి, ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగేది. బొమ్మల కళ్ళు దిద్దే రోజున అది కూడా లేదు, పల్చటి అంబలి మాత్రమే. "కడుపు నిండితే కన్ను మూతపడతాది, నాదీ, బొమ్మదీ" అనేది. గీత గీసే రోజుల్లో తాలింపు కూర ముట్టేది కాదు, నూనె వేలిముద్ర గుడ్డకు పడితే ఆ చోట రంగు పట్టదు. పటిక కలిపే రోజున పులుపూ లేదు, కారమూ లేదు. ఎందుకంటే పటిక నీళ్ళను ఆమె నాలుకతో చూసేది. ఎరుపు రావలసిన చోట ముందు పటిక నీళ్ళు పూసి, తర్వాత బట్టను చెట్టు వేళ్ళతో ఉడకబెడతారు. పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. పటిక చాలకపోతే వెలిసిపోతుంది, ఎక్కువైతే అంచు దాటి పాకుతుంది. ఆమె వేలు ముంచి నాలుక కొనకు ఆనించి, కళ్ళు మూసుకుని, "ఇంగ రవ్వంత" అనేది. ఆ రవ్వంతను ఏ తక్కెడా తూచలేదు. తక్కెడ ఎందుకు వాడవని నేనొకసారి అడిగితే, "తక్కెడకు పటిక తెలుసు, నీళ్ళు తెలుసునా? ఏటి నీళ్ళు ఒక రుచి, బోరు నీళ్ళు ఇంగొక రుచి" అంది.

మనుషుల్ని కూడా ఆమె తిండితోనే అంచనా వేసేది. బెంగళూరునుంచి ఒక చిత్రకారుడు వచ్చి పది రోజులున్నాడు. పేరున్న మనిషి. పొద్దున పాలు లేని కాఫీ, మధ్యాహ్నం రెండు అరటిపండ్లు, అంతే. పని చేసేటప్పుడు తిండి తనకు అడ్డమని చెప్పాడు. చెంగమ్మక్క పదో రోజున సంగటి వండి, ముద్ద చేసి, మధ్యలో గుంట చేసి చెనక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టి ఇచ్చింది. ఆయన చెంచా అడిగాడు. ఆయన వెళ్ళిపోయాక నేను ఆయన బొమ్మల్ని మెచ్చుకున్నాను. ఆమె ఒప్పుకుంది. "బాగుండాయి. పండ్లు శానా బాగా ఏసినాడు. ఆయప్ప బొమ్మల్లో ఒక్క మనిషికైనా చేతులుండాయేమో చూడు." చూశాను. అందరూ చేతులు వెనక్కి పెట్టుకునే ఉన్నారు.

ఇక నా తిండి సంగతి. మా ఇంట్లో రెండు నియమాలు మిగిలాయి. పరాయి ఇంట్లో భోజనానికి చేయి కడగకూడదు. తప్పక రుచి చూడవలసివస్తే, పెట్టినదానికి వంక పెట్టకూడదు. భూములు పోయినా ఇవి పోలేదు, పోనివ్వలేదు. నేను నా డబ్బా తెచ్చుకుని, మధ్యాహ్నం అందరికీ వీపు పెట్టి, గోడవైపు తిరిగి తినేదాన్ని. అందులో చాలా రోజులు అన్నమూ మజ్జిగా, కొన్ని రోజులు అన్నమూ ఉప్పూ ఉండేవి. చెంగమ్మక్క ఎప్పుడూ "నాతో తిను" అనలేదు. అని ఉంటే ఆ మర్నాటినుంచి నేను వచ్చేదాన్ని కాదు. ఆమె చేసింది వేరు. ఒక మధ్యాహ్నం గరిటతో నా పక్కకు వచ్చి, "దొరసానీ, చెయ్యి చాపు. ఉప్పు చెప్పు" అంది. అరచేతిలో రెండు చుక్కల పులుసు పోసింది. అది తినడం కాదు, పని. నేను నాకి, "సరిపోయిందక్కా" అన్నాను.

మర్నాడు రెండు చుక్కలు నాలుగయ్యాయి. వారం తర్వాత పితికిపప్పు పులుసు ఒక గరిటెడు వచ్చింది. నెల తిరిగేసరికి చిన్న గిన్నెడు. "రవ్వంతలో ఉప్పు తెలిసేదానికి ఇదేమన్నా పటికా? నిండా తిని చెప్పు" అనేది. నేను గోడవైపే తిరిగి తిని, ఇటు తిరిగి, "సరిపోయిందక్కా" అనేదాన్ని. ఆ మాటకు మునెయ్య మంట ఎగదోస్తూ, "ఈ పాప నోట్లో ఆ ఒక్క మాటే ఉండాదక్కా, వడ్డించినోళ్ళకు శానా సుకం" అనేవాడు. ఆ గిన్నె నా ఆకలి కోసమని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకు తెలుసు. ఇద్దరం దాన్ని ఉప్పు చూడడమనే అన్నాం. అంత మర్యాదగా నాకు అన్నం పెట్టినవాళ్ళు నా జన్మలో ఇంకొకరు లేరు.

ఆమె వంటింటి తెర మొదలుపెట్టింది ఆ మరుసటి ఏడు. పన్నెండు అడుగుల గుడ్డ. నడిమిన సంగటి తెడ్డుతో కెలుకుతున్న ఆడమనిషి, చుట్టూ పొయ్యిలు, నిప్పులు, ఆరబోసిన మిరపకాయలు, ఎర్ర చీరల ముసలమ్మలు. తెర అంతా ఎరుపు మీద నిలబడాలి. బెంగళూరులో ఒక పెద్ద ప్రదర్శనలో దాన్ని ఒక్కదాన్నే ఒక గోడకు వేలాడదీస్తామని కబురు వచ్చింది. అంతవరకూ ఆ ఊళ్ళో పెద్ద కళాకారులు ఆమెను వెక్కిరించేవాళ్ళు. ఒకాయన మా ముందే, "తెర మీద దేవుళ్ళుండాల గానీ సంగటి ముద్ద ఏందమ్మా?" అన్నాడు. "ఆ దేవుళ్ళకు నైవేద్యం వండేది ఎవురప్పా?" అని ఆమె తిప్పికొట్టింది. ఆమె మాటకు తడుముకునేది కాదు, కానీ ఆ తెర మీద ఆమె ఎంత ఆశ పెట్టుకుందో నాకు తెలుసు. దేవుళ్ళను వదిలేసి ఇరవై ఏళ్ళు తను చేసినదంతా పిచ్చిపని కాదని ఆ ఒక్క గోడ చెప్పాలి.

నల్ల గీతలు పూర్తయిన నాటికి ఆమెకు జ్వరం వచ్చింది. కరోనా అన్నారు. మూడు వారాలకు లేచి కూర్చుంది. మనిషి సగమైంది. వాసనా రుచీ పోయాయని మొదట్లో చెప్పింది, తర్వాత ఆ మాట ఎత్తలేదు. నేను తిరిగి వెళ్ళిన రోజున తనే పులుసు వండింది. గరిటతో వచ్చి, "దొరసానీ, ఉప్పు చెప్పు" అంది.

నోట్లో పెట్టుకున్నాను. మింగడానికి ప్రయాసపడ్డాను. అంత ఉప్పు. ఆమె నా ముఖంలోకి చూస్తోంది, ఎప్పుడూ చూడనంతగా చూస్తోంది. జ్వరంనుంచి లేచి, ఓపిక లేకపోయినా నాకోసం వండిందనుకున్నాను. పెట్టినదానికి వంక పెట్టకూడదు. "సరిపోయిందక్కా" అన్నాను.

ఆమె ఊపిరి వదిలింది. "అట్నా? ఎట్టయినా తెలుస్తా ఉండాది లే" అంది. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆ వారమంతా అట్లాగే జరిగింది. ఒకనాడు ఉప్పు లేదు, ఒకనాడు చింతపండు రెట్టింపు. నేను ప్రతిసారీ అదే మాట అన్నాను. ఆమెకు ముఖంలో కళ తిరిగి వచ్చింది. అది నా మంచితనం వల్లనే అనుకుని లోలోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

తర్వాత పటిక కలిపింది. వేలు ముంచి, నాలుకకు ఆనించి, కళ్ళు మూసుకుని, చాలాసేపు ఉంది. "సాల్లే" అంది. నాలుగు రోజులు ఇద్దరం తెరంతా పటిక పూశాం. మునెయ్య బట్టను ఏట్లో జాడించి, రాగి బానలో చెట్టు వేళ్ళు వేసి ఉడకబెట్టాడు. ఇద్దరం బాన పక్కనే నిలబడ్డాం. ఆయన కర్రతో బట్టను పైకెత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు.

"అక్కా" అన్నాడు మునెయ్య, "ఎరుపు నిలబడలే."

నిప్పులు వెలిసిన గులాబీ రంగులో ఉన్నాయి. మిరపకాయలు ఎండుటాకుల్లా ఉన్నాయి. ఒకచోట బొత్తిగా రంగు లేదు. ఎనిమిది నెలల పని. చెంగమ్మక్క ఆ తడిబట్టను చేత్తో తడిమింది. "పటిక సాల్లేదు. నా నాలిక్కి సాలినట్టే ఉన్నిందే! రుచి రావడం ల్యాకపోతే ఈ పాప సరిపోయిందని ఎట్ట అంటాది?" అని మునెయ్యతో అంది. అప్పుడు తెలిసింది నాకు. ఆ వారమంతా ఆమె ఉప్పు అడిగింది నా ఆకలి కోసం కాదు. తన నాలుక తిరిగి వచ్చిందో లేదో నా నాలుకతో సరిచూసుకుంది. తన నాలుకకు తోచినంత ఉప్పు వేసి, నేను సరిపోయిందంటే తనకు కొంచెం కొంచెం తెలుస్తోందని నమ్మింది.

నేను ఆ మాటను మింగేసి ఉండవచ్చు. నీళ్ళు మారాయనో, వేళ్ళు పాతవనో ఆమే సర్దిచెప్పుకునేది. మా ఇంట్లో తప్పును ఒప్పుకోవడం నేర్పలేదు, దాన్ని గురించి మాట్లాడకపోవడమే నేర్పారు. అంత నష్టం కళ్ళముందు ఆవిర్లు కక్కుతుంటే నోరు మూసుకుని నిలబడడం నావల్ల కాలేదు.

"అక్కా, సరిపోలేదు. ఒక్క రోజు కూడా సరిపోలేదు. మొదటి రోజు ఉప్పు నోట్లో పెట్టలేనంత ఉండింది. నేను అబద్ధం చెప్పినాను."

మునెయ్య కర్ర దించేశాడు. చెంగమ్మక్క నావైపు చూసింది. అరిచి ఉంటే బాగుండేది.

"ఎందుకమ్మే?"

"పెట్టినదానికి వంక పెట్టకూడదని."

"నేను పెట్టినానా? అడిగినాను" అంది. తడిచేతిని కొంగుకు తుడుచుకుంటూ మళ్ళీ అంది, "నాకని ఉన్నింది నీ నాలిక ఒక్కటి. అదీ మరేదలు చేసిందా?"

ఆ సాయంత్రం బస్సులో నేను ఇక ఆ గడప తొక్కకూడదనుకున్నాను. మర్నాడు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, వెళ్ళకపోవడం కూడా మరొక మర్యాద అవుతుందనిపించింది. చెంగమ్మక్క విస్తరాకు వేసి ఉంది, గోడ దగ్గర కాదు, గది నడిమిన. సంగటి, పప్పు, వంకాయ పులుసు. "కూర్చో. అంతా తిను. ఒక్కోదాన్నీ తిట్టు. తిట్టకుండా లేసినావంటే ఇంగ రావొద్దు."

నా జీవితంలో పరాయి ఇంట్లో తిన్న మొదటి భోజనం అది. ముద్ద తుంచి పులుసులో అద్ది నోట్లో పెట్టుకున్నాను. తర్వాత అన్నాను. పులుసులో ఉప్పు ఎక్కువ. పప్పులో అసలు లేదు. వంకాయ ఉడకలేదు. సంగటి అడుగంటిన వాసన. ఒక్కొక్కటీ అంటుంటే ఆమె ముఖం తెరిపిన పడుతూ వచ్చింది. చివరికి మునెయ్య, "సాలు పాపా, మజ్జిగనైనా వదిలిపెట్టు" అన్నాడు. "మజ్జిగలో నీళ్ళు ఎక్కువ" అన్నాను. చెంగమ్మక్క కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. జ్వరం తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

ఆ ప్రదర్శన ఆమె లేకుండానే జరిగిపోయింది. ఆ గోడకు ఇంకెవరిదో బొమ్మ వేలాడదీశారు. ఆమె ఆ మాట నా దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదు. కొత్త గుడ్డ తెప్పించి, కరక్కాయ పొడి కలిపిన పాలలో తడిపి, మొదటినుంచి మొదలుపెట్టింది. గీత ఆమెది. పటిక మాత్రం నేను చూశాను. వేలు ముంచి, నాలుకకు ఆనించి, ఆ వగరు పంటి చిగుళ్ళదాకా ఎంత దూరం పాకుతుందో చెప్పేదాన్ని. "ఇంగ రవ్వంత" అని నేను జంకకుండా అనడానికి రెండు వారాలు పట్టింది. అప్పటివరకూ ఆమె వేసినదంతా సరే అనాలని నాలుక కొనదాకా వచ్చేది, ఆపుకునేదాన్ని. ఈసారి నిప్పులు నిప్పుల్లానే వచ్చాయి. బాననుంచి బట్ట పైకి లేచినప్పుడు మునెయ్య తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. ఏడాది ఆలస్యంగా, చెన్నైలో ఒక గోడకు ఆ తెర ఎక్కింది. దాన్ని చూసినవాళ్ళు కుడివైపు కింద చూడండి. ఒక ఆడమనిషి అరచెయ్యి చాపి నిలబడి ఉంటుంది, నడుము వంచకుండా, గడకర్రలా. అది నేనని చెంగమ్మక్క ఎప్పుడూ చెప్పలేదు. "ఈ వీపు యాడో చూసినట్టుండాది" అని మాత్రం మునెయ్యతో అంది.

ఆమె నాలుక పూర్తిగా తిరిగి రాలేదు. చివరి రోజుల్లో మంచం పట్టినప్పుడు నేను అక్కడే ఉండి మిరియాల చారు పెట్టేదాన్ని. మా అమ్మ దగ్గర కూడా నేను వంట నేర్చుకోలేదు. ఒక పగలు చారు కలిపి గిన్నెలో పోసి తెచ్చాను. ఆమెకు ఏదైనా ఒకటే. వేడిగా ఉంటే చాలు. నా ముఖం చూసి అడిగింది.

"ఎట్టుండాది?"

నేను వండినది. నేను పెట్టినది. తాగేవాళ్ళకు రుచి తెలియనే తెలియదు. "బాగలేదక్కా. ఉప్పు చాల్లేదు. మిరియం మాడింది" అన్నాను.

"అట్లయితే పో. మళ్ళీ పెట్టుకోని రా" అంది, కళ్ళు మూసుకుంటూ. "నేను కాసుకోనుంటా."

వెళ్ళి మళ్ళీ పెట్టుకుని వచ్చాను. లేచి కూర్చుని తాగింది, గిన్నె అడుగు కనబడేదాకా.

ఆమె పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు నా దగ్గర నలుగురు ఆడపిల్లలు నేర్చుకుంటున్నారు. వాళ్ళు తమ గీతలు తెచ్చి నా ముందు పెట్టి నా ముఖంలోకి చూస్తారు. వాళ్ళను నొప్పించకూడదని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది, ఆ పెంపకం నాలో ఎక్కడికీ పోలేదు. అయినా నోరు తెరిచి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. చెప్పి, వాళ్ళు మళ్ళీ వేసి తెచ్చేదాకా లేవకుండా అక్కడే కూర్చుంటాను.